పిన్నిని పడవ ఎక్కించిన రోజు

నా చిన్నప్పుడు మొగల్తూరు దగ్గర మా పల్లెలో, మతి తప్పినవాళ్ళతో అబద్ధమాడితే తప్పేమీ కాదనుకునేవారు. ఊళ్ళో పెద్దమనుషులు కూడా అంతే. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది సముద్రంలో చేపల వేట మీద బతికే కుటుంబం. మా పిన్నికి తొలికాన్పు అయ్యాక మనసు చెదిరింది. నిద్ర లేదు, తిండి లేదు. చంటిదాన్ని ఎత్తుకుని రెండుసార్లు సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయింది. గంగమ్మ పిలుస్తోందనేది. వలలు లాగేవాళ్ళు చూసి పట్టుకొచ్చారు కాబట్టి సరిపోయింది. ఈసారి ఎవరూ చూడకపోతే పాప గతేంటని మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండేది కాదు.

బాబాయి మునసబుగారి దగ్గరికి వెళితే, అది పోలీసుల పని అన్నారాయన. పోలీసు జవానేమో, డాక్టరుగారు చూసి రాసివ్వనిదే నేను ముట్టుకోనన్నాడు. డాక్టరుగారు చూసి, పిచ్చాసుపత్రిలో ఉంచాల్సిందే అన్నారు గానీ, మేజిస్ట్రేటుగారి ఉత్తర్వు కావాలట. అందుకు రాజమహేంద్రవరం తీసుకెళ్ళాలి. అప్పటికి మాకు రైలు లేదు, కాలవలో పడవే దిక్కు. ఎవరికి వారే వచ్చి, బిడ్డను ఎందుకు ముంచబోయావని పిన్నిని మళ్ళీ మొదట్నించీ అడిగేవారు. వాళ్ళు అడిగి వెళ్ళాక ఆవిడ గోడకేసి తల బాదుకునేది.

అంతమందికీ ఒక్క విషయంలోనే మాట కలిసింది. గోదావరి స్నానానికని చెప్పి పడవ ఎక్కించేద్దామన్నారు.

మా అమ్మమ్మ ఒప్పుకోలేదు. "స్నానమని నమ్మి ఎక్కుతుందండి. దిగాక ఇంకెవరి మాట నమ్ముతుందండి బాబూ?" అంది మునసబుగారితో.

"చెబితే గోల చేస్తుందే ముసలీ!" అని జవాను కసిరాడు.

"చెయ్యనివ్వండి. గోల చెయ్యాల్సిన పనే కదండీ" అంది.

పిన్నిని ముందు కూర్చోబెట్టుకుని, తలకి నూనె రాస్తూ అంతా చెప్పేసింది. ఎక్కడికి తీసుకెళుతున్నారో, ఎందుకో చెప్పింది. మళ్ళీ ఇంటికి ఎప్పుడు పంపిస్తారో తనకీ తెలియదంది. అబ్బ, ఆ ఏడుపు! పిన్ని అమ్మమ్మని గోళ్ళతో రక్కింది, నోటికొచ్చినట్టు తిట్టింది. జవాను తాడు తీస్తే అమ్మమ్మ అడ్డం కూర్చుంది. చాలాసేపటికి పిన్ని అలిసిపోయి, "పాప ఎవరి దగ్గరుంటుందమ్మా?" అంది. కాన్పయ్యాక పాప గురించి ఆవిడ అడగడం అదే మొదటిసారి.

"నా దగ్గరే ఉంటుందే తల్లీ" అంది అమ్మమ్మ.

పిన్ని తనంతట తనే లేచి పడవ ఎక్కింది.

మళ్ళీ రాలేదు. పిచ్చాసుపత్రిలోనే పోయిందని కొన్నాళ్ళకి కబురొచ్చింది. నిజం చెప్పినందువల్ల బాగుపడిందని నేననను, అనలేను కూడా. పాపని మాత్రం అమ్మమ్మే పెంచింది. మా అమ్మ ఏదని అడిగే వయసు వచ్చాక, ఏడుస్తూనే దానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఇప్పుడు నాకే మతిమరుపు ముదిరింది. మొన్న మనవరాలి పేరు గుర్తుకు రాలేదు. గుమ్మం అవతల నా కొడుకులు గుసగుసలాడుకోవడం వినబడుతూనే ఉంది. నిన్న ఇద్దర్నీ పిలిచి చెప్పాను. ఎక్కడికి తీసుకెళ్ళినా సరే గానీ, నాకు చెప్పి తీసుకెళ్ళండర్రా.