నలభై ఒక్క రోజులు, ఏడు ముక్కలు

ముందే ఒప్పుకుంటాను. ఆ మొక్కకు జబ్బు చేయలేదు, పురుగు పట్టలేదు, ఏ ఆవూ వచ్చి మేయలేదు. నేనే కోశాను. కూరగాయల కత్తితో, కార్తీక మాసంలో, పూర్తి స్పృహలో ఉండి, ఏడు ముక్కలుగా కోశాను. మొక్కకూ ముక్కకూ మధ్య ఉన్న దూరం ఒక్క కత్తివేటే అని ఆ పూట నాకు తట్టలేదు.

అది మా ఆవిడ మొక్క. ఫిలోడెండ్రాన్ అంటారు. ఆరేళ్ళ క్రితం మేము కాకినాడ నుంచి వచ్చి శంషాబాద్‌లో ఈ పై అంతస్తు అద్దెకు తీసుకున్న వారంలోనే, కొత్తూరు వెళ్ళే దారిలో ఒక నర్సరీలో కొనుక్కుంది. అప్పుడు దానికి రెండే ఆకులు. తర్వాత కొబ్బరిపీచు చుట్టిన కర్రను పట్టుకుని మెల్లగా పాకుతూ హాల్లో కర్టెన్ రాడ్డు దాకా ఎగబాకింది. ఒక్కో ఆకు విప్పిన అరచేయంత. మా ఆవిడది ఎయిర్‌పోర్టులో షిఫ్టుల ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక కాఫీ గ్లాసు పట్టుకుని ఆ మొక్క ముందు కూర్చుంటుంది. కాఫీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ముఖ్యంగా నాతో. రోజంతా ఎవరెవరి సామాన్ల గొడవలో వింటూ నిలబడ్డ మనిషికి ఆ పావుగంటే విశ్రాంతి.

ఇంత తెలిసీ ఎందుకు కోశావంటే, తెలివి ఎక్కువై. ఆవిడ ట్రైనింగుకని వారం రోజులు బెంగళూరు వెళ్ళింది. ఫోన్లో ఏదో వీడియోలో ఒకాయన మొక్కను ముక్కలు చేసి, గాజు సీసాల్లో నీళ్ళు పోసి నిలబెట్టి, పది రోజుల్లో తెల్లటి వేళ్ళు చూపించాడు. నాకు వెంటనే కిటికీలో వరసగా ఏడు సీసాలు కనిపించాయి. ఒకటి ఉన్నచోట ఏడు. ఆవిడ తలుపు తీయగానే నోట మాట రాదనుకున్నాను. ఆ ఒక్క విషయంలో నా అంచనా తప్పలేదు.

ఆయన ఆ వీడియో ఏ దేశంలో, ఏ కాలంలో తీశాడో నేను చూడలేదు. మా కాకినాడ వైపు అది చూడాల్సిన పని లేదు మరి. ఏ నెలలోనైనా కొమ్మ విరిచి మట్టిలో గుచ్చి మర్చిపోతే, మళ్ళీ గుర్తొచ్చేసరికి చిగురు వేసి ఉంటుంది. చలికాలం అంటే పొద్దున పూట ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. శంషాబాద్ చలి అలాంటిది కాదు. విమానాల కోసం చదును చేసి వదిలిన నేల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చి, నేరుగా మా హాలు కిటికీ తడుతుంది. ఆరేళ్ళుగా నేను స్వెట్టరు వేసుకుంటున్నాను కానీ, ఆ చలి మొక్కకు కూడా వేస్తుందన్న ఆలోచన మాత్రం నా బుర్రకు తొడగలేదు.

ఇంకో సంగతి. ఆవిడ తిరిగి వచ్చే ముందురోజు నేను అయ్యప్ప మాల వేసుకున్నాను. ఏటా వేసుకుంటాను. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, నేల మీద పడక, తెల్లవారకముందే చన్నీటి స్నానం. అన్నిటికన్నా కష్టమైనది, కోపం రాకూడదు. మాల వేసుకున్నవాణ్ణి ఇంట్లోవాళ్ళు కూడా స్వామీ అనే పిలవాలి, మాట తూలకూడదు.

ఆవిడ గుమ్మంలో బ్యాగు దించి హాల్లోకి చూసింది. ఒంటరిగా నిలబడ్డ కర్రను చూసింది. దాని కింద కుండీలో జానెడు మోడును చూసింది. కిటికీలో సీసాలను చూసింది. ఆఖరున నా మెడలో మాలను చూసింది. పెళ్ళై పదకొండేళ్ళు, దీక్షల్లో స్వామీ అని పిలిచినా, ఆవిడ నన్ను నువ్వు అని తప్ప అనలేదు.

"స్వామీ," అంది చాలా మెల్లగా. "మీ దీక్ష పూర్తి కానివ్వండి. అప్పుడు మాట్లాడదాం."

అంతే. ఆ తర్వాత రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి, ఆ కర్ర ముందే కూర్చునేది. అరిచినా బాగుండేది. నాకు మిగిలింది నలభై రోజుల గడువు. ఈలోగా ఒక్క ముక్కైనా వేరు పోసుకోవాలి. లేదంటే మాల తీసిన రోజున నా గతి ఏమిటో అయ్యప్పకే తెలియాలి.

కింది వాటాలో ఇంటి ఓనరు ఉంటుంది. మామిడిపల్లిలో పుట్టి పెరిగిన ముస్లిం పెద్దావిడ. వీధంతా ఆవిణ్ణి ఖాలా, అంటే పిన్నమ్మ, అంటుంది, మేమూ అంతే. దీక్షలో ఆడవాళ్ళందరినీ మాతా అనాలి కాబట్టి ఆ నలభై ఒక్క రోజులు ఖాలా మాతా అంటాను. ఆవిడ ప్రతి ఏడూ దానికి నవ్వుతుంది. మాంసం వండే దావత్ ఉన్న రోజు మాత్రం, "స్వామీ, ఇయ్యాల మా ఇంట్ల గోష్ వండుతున్న, కిడ్కీ బంద్ జేసుకోండ్రి" అని ముందే కేకేసి చెబుతుంది.

కోసిన రోజే ఏడో ముక్కను పట్టుకెళ్ళి ఆవిడకు ఇచ్చాను. దానం చేస్తున్న మొహం పెట్టుకుని మరీ ఇచ్చాను.

"ఇది చాలా సున్నితమైన జాతి ఖాలా. రోజూ నీళ్ళు మార్చాలి. జాగ్రత్తగా చూసుకోవాలి."

"అచ్ఛా? రోజానా?" అని ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టింది.

మా ఆవిడ వచ్చిన మర్నాడు నా ఆరు సీసాలనూ కిటికీలోంచి తీసి, ఇంట్లో పెట్టుకున్న అయ్యప్ప పీఠం పక్కన, గచ్చు మీద వరసగా పెట్టాను. స్వామి సన్నిధి కదా అని. పీఠం దగ్గర నీళ్ళు నిలవ ఉండకూడదు కాబట్టి, రోజూ తెల్లవారుజామున నా స్నానం కాగానే అదే బకెట్టులోంచి సీసాల్లో నీళ్ళు మార్చాను. కుండీలో మోడుకూ ఒక చెంబు పోశాను. రాత్రంతా డాబా మీద ట్యాంకులో బిగుసుకున్న నీళ్ళు. నా పళ్ళు టకటకలాడుతుంటే అదంతా భక్తి అనుకున్నాను. వారం తిరిగేసరికి మోడు మెత్తబడి నల్లగా వాలిపోయింది. ఒక సీసాలో కాడ చివర జిగురు పట్టి కుళ్ళిపోయింది.

ఒక పొద్దున ఖాలా డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తూ మా గుమ్మంలో ఆగింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను.

"ఏం జేస్తున్రు స్వామీ?"

"నీళ్ళు మారుస్తున్నాను ఖాలా మాతా."

"గా సల్లటి నీళ్ళా?" అని చెంబులో వేలు ముంచి, చటుక్కున తీసి చీర కొంగుకు తుడుచుకుంది. "యా అల్లా! మాల ఏసుకున్నది మీరు గద స్వామీ. చెట్టు గూడ ఏసుకున్నదా?"

కోపం రాలేదు. రాకూడదు. "స్వామియే శరణమయ్యప్ప" అన్నాను. ఆ మాట నేను తిట్టుకు బదులుగా వాడటం ఆ రోజు మొదలైంది.

ఇక ఆ తర్వాత ఏం చేసినా వికటించింది. చన్నీళ్ళు తప్పని తెలిశాక గీజరు కింద సీసా పట్టి, ఫోను మోగితే అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆ ముక్క ఉడికిన తోటకూర రంగులో ఉంది. సాయంత్రం భజనకు వచ్చిన ఒక స్వామి కోసినచోట బూడిద రాస్తే కుళ్ళదన్నాడు. ఇంట్లో ఉన్న బూడిద విభూతే. రాశాను. ఆ ముక్క మూడు రోజుల్లో శివైక్యం చెందింది. ఇంకోదానికి చలి తగలకుండా ప్లాస్టిక్ కవరు బిగించి కట్టాను. లోపల తెల్లగా బూజు పెరిగింది. అదొక్కటే ఆ కార్తీకంలో నా చేతి మీదుగా ఏపుగా పెరిగింది. పోయిన ప్రతిదానికీ గట్టిగా శరణు చెప్పుకున్నాను. ఈసారి స్వామికి భక్తి బాగా ముదిరిందని భజనలో అనుకున్నారు.

మిగిలినవి రెండు. అవి మాత్రం కళకళలాడుతూ ఉన్నాయి. ఇరవై రోజులైనా ఆకు పసుపెక్కలేదు. రోజూ సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి వేరు కోసం వెతికేవాణ్ణి. మా ఆవిడ కాఫీ తాగుతూ నన్ను చూసేది. చూసి మళ్ళీ కర్ర వైపు తిరిగేది. ఇక తట్టుకోలేక ఒక మధ్యాహ్నం ఆ రెండు సీసాలూ పట్టుకుని కిందికి వెళ్ళాను. ఖాలా వరండాలో తన తఖ్తు మీద, అదే చెక్క బల్ల మీద, కూర్చుని పాన్ చుట్టుకుంటోంది.

సీసాలోంచి కాడ బయటికి లాగి కిందా పైనా చూసింది. "దీనికి గణుపేది?"

"గణుపా?"

"గణుపు లేంది ఏరు యాడికెల్లి వస్తది స్వామీ, గాలిలకెల్లా? ఇది ఉత్త ఆకు. ఇంక నెల దినాలు గిట్లనే పచ్చగ నిలవడ్తది, అటెన్క పోతది. మీరు ఉత్తగనే పరేషాన్ అయితున్రు."

చెరుకు తోటల మధ్య పెరిగినవాణ్ణి. గణుపు చూసి చెరుకు ముక్క నాటాలని ఒకటో తరగతికి ముందే తెలుసు. ఫిలోడెండ్రాన్‌కు కూడా గణుపు ఉంటుందని ఆలోచించకపోతే నన్ను ఏ డెండ్రాన్ అనాలి? వెర్రిబాగులోడెండ్రాన్ అనాలి.

తలెత్తితే వంటింటి కిటికీలో, అద్దం వెనక, ఒక తుప్పు పట్టిన పెయింటు డబ్బా కనిపించింది. అందులో నా ఏడో ముక్క. దాని పక్క నుంచి చుట్టలా చుట్టుకుని లేతాకుపచ్చని కొత్త ఆకు పైకి వస్తోంది.

"ఖాలా మాతా! ఇది..."

"ఆ. మీరిచ్చిందే."

"రోజూ నీళ్ళు మార్చారా?"

"నీళ్ళెక్కడియి? డబ్బాల ఇసుక పోసిన, గుచ్చిన. పొద్దంత చాయ్ మరుగుతనే ఉంటది గద, పొయ్యి కాడ ఎచ్చగుంటదని ఆడ వెట్టిన. జుమ్మాకు జుమ్మాకు, వారానికొక్కపారి, కొన్ని నీళ్ళు సల్లుత. రోజు పలకరిస్తే ఏదైన సచ్చిపోతది స్వామీ."

సిగ్గు పక్కన పెట్టి అడిగాను. అది పైకి ఇచ్చేయమని, ఏం కావాలన్నా చేస్తానని. మా ఆవిడ ప్రతిరోజూ కర్ర ముందు కూర్చుంటున్న సంగతి కూడా చెప్పాను.

ఖాలా పాన్ బుగ్గకు పెట్టుకుని ఆలోచించింది. "బిడ్డ కోసమైతే తప్పక ఇస్త. గని ఇప్పుడు గాదు. గీ సలిల కదిలిస్తే ఏరు అదురుతది. ఎండలు కొట్టనియ్. అప్పటిదాంక మీరు దీన్ని ముట్టొద్దు. కసం తినుండ్రి."

మెడలో మాల ఉండగా ఒట్టు వేయడం కుదరదన్నాను. మాటిస్తే చాలంది. ఇచ్చాను.

ఇరుముడి కట్టుకుని కొండకు వెళ్ళాను. పద్దెనిమిది మెట్లెక్కి, తోసుకుంటున్న జనం మధ్య రెండు క్షణాల దర్శనంలో ఆరోగ్యం, ఉద్యోగం ఏవీ గుర్తు రాలేదు. ఆ డబ్బాకు చలి తగలనివ్వకు స్వామీ అని మాత్రం అడిగాను.

తిరిగొచ్చి మాల తీసిన సాయంత్రం మా ఆవిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నలభై ఒక్క రోజుల తిట్లకు నేను సిద్ధపడే ఉన్నాను. ఒక్క మాటే అడిగింది.

"నాకు ఒకటుంది కదా. ఏడు కావాలని నిన్ను ఎవరడిగారు?"

మళ్ళీ నువ్వు అన్నందుకు ప్రాణం లేచొచ్చింది. లేచి, కిందికి తీసుకెళ్ళి, వంటింటి కిటికీ చూపించాను. ఆవిడ అద్దానికి నుదురు ఆనించి ఆ కొత్త ఆకును చూసింది.

మర్నాటి నుంచి డ్యూటీ దిగాక ఆవిడ నేరుగా పైకి రావడం మానేసింది. కాఫీ కింద, ఖాలా తఖ్తు మీద. నేను పైన రెయిలింగు దగ్గర నిలబడి వాళ్ళ నవ్వులు వింటాను. నవ్వులు దేని గురించో అడగక్కర్లేదు. చల్లని చెంబు కథ వీధి చివరి కిరాణా దాకా వెళ్ళిపోయింది. పహాడీ షరీఫ్ నుంచి ఖాలా చెల్లెలు చూడ్డానికి వస్తే, ఆమె నన్ను చూసి మొదట అడిగింది, "చెట్టుకు తానం వోసింది మీరేనా బాబూ?" అని.

అది భరించాను. నా తప్పే కాబట్టి భరించాను. భరించలేకపోయింది ఇంకొకటి. జనవరి నడిమికి ఆ మొక్క నాలుగు ఆకులేసి, నాలుగింటినీ కిటికీ వైపు తిప్పి నిలబడింది. వెలుతురు ఎటుంటే ఆకు అటు తిరుగుతుంది, అందులో వింతేం లేదు. కానీ కిటికీ బయటే ఖాలా తఖ్తు. ఆవిడ దానికి చెప్పిన అర్థం వేరు.

"సూడు బిడ్డా, నాలుగాకులు నా దిక్కే సూస్తున్నయ్. చెట్లకు గూడ ఎరుకైతది, ఎవలు మంచోల్లో, ఎవలు సల్లనీళ్ళు వోసెటోల్లో."

మా ఆవిడ పడీ పడీ నవ్వింది. ఒకరోజు కాదు, వారం రోజులు ఇదే మాట.

ఆ వారాంతంలో ఖాలా నన్ను పిలిచింది. "బేటా, సిలిండర్ అయిపోయింది, జర మార్చిపో." ఆవిడ బయట తఖ్తు మీదే ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి సిలిండరు మార్చి, రెగ్యులేటరు బిగించి, పొయ్యి వెలిగించి చూశాను. మాల లేదు. ఎండలు ఇంకా రాలేదు కాబట్టి, ముట్టుకోనన్న మాట మాత్రం ఉంది. ముట్టుకోకూడనిది మొక్కను, డబ్బాను కాదు అని నాకు నేనే చెప్పుకుని, డబ్బాను రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా సగం చుట్టు తిప్పాను. చుట్టూ ఒకేలా తుప్పు పట్టిన డబ్బా, తిప్పినట్టు ఎవరికీ తెలియదు. అలా తిప్పితే కాండం ఒక పక్కకు వాలకుండా నిటారుగా పెరుగుతుంది కూడా. నాలుగాకులూ పొయ్యి వైపు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే కింద నుంచి కేక.

"బిడ్డా! జల్ది రా! ఇదేంది గిట్లయింది? నాకు ఈపు వెట్టింది!"

"అలిగిందేమో ఖాలా. రాత్రి ఏమైనా అన్నారా దాన్ని?" అంది మా ఆవిడ, కిందికి దిగి.

"నేనేమంట? ఒక్క మాటన్లే! అరె నా తల్లీ, ఏం తప్పు జేసిన, జర ఇటు సూడే..."

నేను రెయిలింగు మీద మోచేతులు ఆన్చి, నా కాఫీ చల్లారేదాకా విన్నాను. ఆకులు మెల్లమెల్లగా మెడలు తిప్పుకుని మళ్ళీ ఆవిడ వైపు చూడటానికి వారం పట్టింది. ఎనిమిదో రోజు, సిలిండరు దగ్గర గ్యాసు వాసనేమైనా వస్తోందేమో ఒకసారి చూసి వెళ్తానని నేనే అడిగి కిందికి దిగాను.