తప్పు చెప్పానని చెప్పడానికి వెళ్ళిన ముఫ్తీసాబ్

మా పక్కింటి ముఫ్తీసాబ్ పోయారన్న సంగతి గత నెల ఒక మంగళవారం ఉదయం మసీదు మైకులో విన్నాను. పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నాను. మొదట ఉర్దూలో చెప్పారు. ఆ భాష నాకు రాదు కానీ, ఆయన పేరు వినబడగానే విషయం అర్థమైంది. కాసేపాగి అదే కబురు తెలుగులో చెప్పారు. ఆ మసీదులో తెలుగులో కూడా చెప్పే అలవాటు పెట్టింది ఆయనే. పాలు పొంగి పొయ్యంతా పారాయి. తుడవడానికి చేతులు రాలేదు.

నేను నంద్యాలలో ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చర్చికి పోయేదాన్ని. ఆయన మదరసాలో చదువు చెప్పి, సాయంత్రాలు ఇంటి వరండాలో కూర్చుని జనం అడిగే ప్రశ్నలకు షరియత్ ప్రకారం జవాబులు చెప్పేవారు. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. చాలా ఏళ్ళు ఆ గోడ మీదుగా కరివేపాకు, కూరలు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మా మధ్య పెద్దగా మాటలు లేవు.

ఒకరోజు జూపాడు బంగ్లా నుంచి వచ్చిన ఒక యువకుడు ఆయన రాసిచ్చిన జవాబు పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డాడు. అది ఉర్దూలో ఉంది. చదువుకున్న పిల్లవాడే, కానీ తెలుగు మీడియం. తన జవాబు తనే చదువుకోలేక, ఎవరైనా చదివిపెడతారేమోనని చూస్తున్నాడు. వరండాలోంచి ముఫ్తీసాబ్ ఇదంతా గమనించారు. మరునాడు ఒక నోటుబుక్కు తీసుకుని మా ఇంటికి వచ్చారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప రాయడం తనకు రాదనీ, తాను నోటితో చెబుతాననీ, నన్ను రాసిపెట్టమనీ అడిగారు.

నాకు భయం వేసింది. నేను క్రైస్తవురాలిని, మీ మతం విషయాల్లో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరు పడతారని అడిగాను.

"మాట తప్పితే నాది. దీర్ఘం తప్పితే నీది, టీచరమ్మా" అన్నారు.

అలా మొదలైంది. వారానికి మూడు సాయంత్రాలు ఆయన చెప్పడం, నేను రాయడం, రాసింది పైకి చదవడం. నేను చదువుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవారు. నచ్చకపోతే ఒక కన్ను తెరిచేవారు. ఫత్వా అనే మాట నేను పత్రికల్లో చదివి ఏదో ఆజ్ఞ అనుకునేదాన్ని. అది అడిగినవాళ్ళకు ఇచ్చే జవాబు మాత్రమేననీ, అడగనివాళ్ళ జోలికి పోయే పని తనకు లేదనీ ఆయన చెప్పారు.

ఎన్ని రకాల ప్రశ్నలు వచ్చేవో. కన్నులు దానం చేయవచ్చా? వీడియో కాల్‌లో పెళ్ళి చెల్లుతుందా? ఆసుపత్రిలో డ్యూటీ మధ్యలో నమాజు వేళ దాటిపోతే నర్సు ఏం చేయాలి? జబ్బులకు సంబంధించిన ప్రశ్న వస్తే ముందు డాక్టరుకు ఫోన్ చేసేవారు. షుగరు ముదిరి ఇన్సులిన్ వేసుకునే ఒక పెద్దావిడ, డాక్టరు రంజాన్ ఉపవాసాలు వద్దన్నాడని వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆయన ఆమె కాగితాలన్నీ ఓపిగ్గా చూశారు. డాక్టరుతో మాట్లాడారు. తర్వాత ఆమెతో, "ఉండమని చెప్పినోడే నీలాంటోళ్ళని వద్దని గూడా చెప్పినాడమ్మా. ఆ మాట వినేది గూడా ఇబాదతే, ఆరాధనే" అన్నారు. ఉపవాసానికి బదులు రోజుకొక పేదకు అన్నం పెట్టమన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ నెలంతా ఏమేం వండాలో అక్కడే నాతో చెప్పడం మొదలుపెట్టింది.

ఆయన నోటి నుంచి నేను ఎక్కువగా విన్న మాట "తెల్దు". "తెల్దు, చూసి చెప్తా" అనేవారు. ఎంత దూరం నుంచి వచ్చినవాళ్ళనైనా సరే, తెలియకపోతే అదే చెప్పి, టీ ఇచ్చి పంపేవారు. టీలో చక్కెర మాత్రం మోతాదు మించి వేసేవారు. ఆయన భార్య బేగం పోయాక ఆ పని ఆయన చేతికి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి తగ్గేది కాదు.

అంత జాగ్రత్తగల మనిషి ఒకసారి తప్పు చెప్పారు. ఆ కాగితం రాసింది నేనే.

ఆళ్ళగడ్డ నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. భర్త డ్రైవరు పనికి కువైట్ పోయాడు. మొదటి ఏడాది ఫోన్లు చేశాడు, తర్వాత లేవు. పనిలో పెట్టుకున్నవాళ్ళు మా దగ్గర లేడన్నారు. బతికి ఉన్నాడో లేదో ఎవరికీ తెలియదు. అప్పటికి ఆరేళ్ళు. ఆమె అమ్మతో ఉంటూ జాకెట్లు కుట్టి బతుకుతోంది. ఇప్పుడొకరు పెళ్ళి చేసుకుంటానని అడుగుతున్నారు, చేసుకోవచ్చా అని ప్రశ్న. ముఫ్తీసాబ్ తమ పాత గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నేను రాశాను: "అతని ఈడువాళ్ళందరూ చనిపోయే కాలం వరకు ఆమె వేచి ఉండాలి." చదివి వినిపించాను. ఆయన కన్ను తెరవలేదు. మడిచి కవరులో పెట్టాను. ఆ వాక్యం రాసేటప్పుడు నేనైనా ఆగి అడగలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

మూడేళ్ళ తర్వాత సున్నిపెంట నుంచి అలాంటి ప్రశ్నే వచ్చింది. ఆయన అదే జవాబు చెప్పారు. నేను రాసి, చదివి, ఈసారి కలం పక్కన పెట్టాను.

"హజ్రత్, ఈ మాట ఇంతకు ముందొకసారి రాసినాను. ఆళ్ళగడ్డ అమ్మాయికి. ఆయమ్మ ఏమైంది?"

ఆయన రెండు కళ్ళూ తెరిచారు. ఆమె ఏమైందో ఆయనకు తెలియదు. సున్నిపెంట కాగితం పంపకుండా తీసి పెట్టమన్నారు.

ఆ తర్వాత పది పన్నెండు రోజులు వరండాలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. కిటికీలోంచి చూస్తే చాప మీద చుట్టూ పుస్తకాలు, మధ్యలో ఆయన. ఎక్కడికో ఫోన్లు చేస్తూ ఉర్దూలో వాదించేవారు. ఒక సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి పిలిచారు. మొహం వాడిపోయి ఉంది. ఇస్లాంలో నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాలున్నాయనీ, వాటిలో మరొకదాని ప్రకారం భర్త జాడ తెలియని స్త్రీ పెద్దల ముందు విషయం పెడితే, వాళ్ళు వెతికించి, గడువు పెట్టి, ఆ వివాహాన్ని తెంచవచ్చనీ చెప్పారు. తన సంప్రదాయానికి చెందిన ఈ దేశపు పండితులే తాతల కాలంలో ఈ ఆడవాళ్ళ కష్టం చూసి ఆ దారి తీసుకున్నారట.

మీకు ముందు తెలియదా అని అడిగాను.

"చదివిందే. ఆ పొద్దు వెతుక్కునే ఓపిక చేసుకోలేదు. కష్టమైన మాట చెప్పేది సులువమ్మా. దానికి కూర్చొని చదవాల్సిన పని లేదు" అన్నారు.

సున్నిపెంటకు ఆ దారే రాసి పంపాం. ఆళ్ళగడ్డకు కూడా ఉత్తరం రాద్దామన్నాను. తలూపలేదు. తప్పు కాగితం మీద పోయిందని, దాన్ని దిద్దడానికి కూడా కాగితాన్నే పంపితే సరిపోదని ఆయన ఉద్దేశం. మోకాళ్ళు అరిగిన మనిషి. రెండు రోజుల తర్వాత ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాం. దారి పొడుగునా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నారు.

ఆ ఇల్లు బస్టాండుకు అంత దూరం లేదు. గడప పక్కనే కుట్టు మిషన్. ఆ అమ్మాయికి అప్పటికి ముప్పై నాలుగో, ముప్పై ఐదో ఉంటాయి. మమ్మల్ని చూసి లేచి తలమీద పైట సర్దుకుంది. వాళ్ళమ్మ కుర్చీ వేసింది. ఆయన కుర్చీలో కూర్చోలేదు. ఆ మోకాళ్ళతోనే కింద చాప మీద కూర్చుని, నాకు కూడా అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడారు.

"మూడేండ్ల కింద నీకు తప్పు చెప్పినానమ్మా. నీకు దారి ఉండె. నేను లేదని చెప్పినా. మాఫ్ చేయమని అడగను వచ్చినా."

ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టింది.

"అప్పుడు నన్నడిగిన ఆయప్ప వేరే పెండ్లి చేసుకున్యాడు హజ్రత్. ఇప్పుడు ఇద్దరు పిల్లోళ్ళు."

వాళ్ళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఫ్తీసాబ్ తల దించుకున్నారు. పుస్తకాల మాట ఎత్తలేదు, ఆ రోజు తనకు ఏ పని ఒత్తిడి ఉందో చెప్పలేదు, అంతా దేవుని రాత అని కూడా అనలేదు. ఆ మౌనం చూసి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియదు, బహుశా నా మీదే.

చివరికి ఆ అమ్మాయే మాట్లాడింది. "మాఫ్ చేస్తా. కానీ మీ కాగితం ఆ పొద్దు మా వీధంతా చదివింది. నేను మళ్ళీ పెండ్లి అడిగితినని నవ్విరి. ఈ మాట గూడా వాళ్ళంతా వినాల."

ఆయన సరేనన్నారు. వచ్చే శుక్రవారం అక్కడి మసీదులో తానే నిలబడి చెబుతానన్నారు. ఈ సంగతి నంద్యాలలో తెలిసి నలుగురు పెద్దమనుషులు వరండాకు వచ్చారు. అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే రేపు ఈ జవాబులను ఎవరు నమ్ముతారని అడిగారు. గోడవతల నుంచి నాకు అన్నీ వినబడుతున్నాయి. వాళ్ళ మాటలన్నీ అయ్యాక ఆయన, "పోతే నా గౌరవమే గదప్పా పోయేది" అని, లోపలికి పోయి టీ తెచ్చారు. ఆ టీ తాగి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం ఆయన ఆళ్ళగడ్డ పోయి చెప్పి వచ్చారు. ఒక్కరే పోయారు. ఏం జరిగిందని అడిగితే, కొందరు లేచి బయటికి పోయారని, ఒక ముసలాయన మాత్రం వచ్చి చెయ్యి పట్టుకున్నాడని చెప్పారు. ఆయన గౌరవానికి ఏమీ కాలేదు. ఆ తర్వాత వరండాలో ఆడవాళ్ళ సంఖ్య పెరిగింది.

మిగిలిన పని నెమ్మదిగా సాగింది. పెద్దలు కూర్చున్నారు. కువైట్‌లో ఉన్న మనవాళ్ళ ద్వారా వెతికించారు, పేపర్లో ప్రకటన వేయించారు. పెట్టిన గడువు గడిచింది. కోర్టు కాగితం కూడా తెచ్చుకోమని ఆయన పట్టుబట్టారు. లేకపోతే రేపు ఎవడో ఒకడు అడ్డం తిరుగుతాడని. ఆ అమ్మాయి అన్నీ పూర్తి చేసుకుంది. పెళ్ళి ఊసు మాత్రం ఎత్తలేదు. ఎవరైనా తొందరపెడితే ఆయనే ఆపేవారు. "దారి తెరిచేది మన పని. నడిచేది, నడవంది ఆయమ్మ ఇష్టం" అనేవారు.

ఆ తర్వాత ఎవరికి జవాబు రాసినా, చివర చిన్న అక్షరాలతో వాళ్ళ ఊరు, వీధి నోటుబుక్కులో రాయమనేవారు. కొన్ని నెలలకు ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కునేవారు. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకునేవారు. నా సర్వీసులో ఎన్ని వందల పేపర్లు దిద్దానో. మార్కులు వేశాక ఆ పిల్లలు ఏమయ్యారని నేను ఏనాడూ అడగలేదు. ఆ అలవాటు నాకు నేర్పింది ఆయనే.

పోయిన ఏడాది ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుంది. పెళ్ళికొడుకుకు చాగలమర్రిలో హైవే పక్కన పంక్చరు అంగడి ఉంది. మొదటి భార్య జబ్బు చేసి పోయింది. నిఖా ముఫ్తీసాబే చదవాలని ఆమె కబురు పెట్టింది. ఏ మొహం పెట్టుకుని పోవాలని ఆయన రెండు రోజులు తటపటాయించారు. మీరు రాకపోతే పెళ్ళి ఆపుతానని ఆమె మళ్ళీ ఫోన్ చేస్తే బయలుదేరారు. పెళ్ళికూతురు దేనికి ఒప్పుకుంటోందో ఆమెకు తన భాషలో తెలియాలని, ఆమె హక్కులన్నీ నా చేత తెలుగులో ఒక పేజీ రాయించి జేబులో పెట్టుకున్నారు.

ఆళ్ళగడ్డలో చిన్న షామియానా. మధ్యలో తెర, ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. నేను అటువైపు పెళ్ళికూతురి పక్కనే కూర్చున్నాను. తెర అంచులోంచి ఆయన కనబడుతున్నారు. అరబ్బీలో ఖుత్బా ప్రసంగం అయ్యాక నా కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టారు. ఒక చోట ఆగిపోయారు. వేలు కదలడం లేదు. "ఇష్ట... ఇష్టపూ..." అని మళ్ళీ మొదటికి వచ్చారు. నేను అందించబోయేలోగా నా పక్కనుంచి పెళ్ళికూతురు తల కొంచెం ఎత్తి, షామియానా అంతా వినబడేటట్టు, "ఇష్టపూర్వకంగా" అంది.

ఆయన తెరవైపు చూసి నవ్వారు. "ఆఁ, అదే" అని, ఆ మాటను ఆమె వెనకే ఒకసారి పలికి, వేలిని తరువాతి అక్షరం కిందికి జరిపారు.