అక్క దించిన చేతులు

ఆ రోజు అక్క కావాలనే ఆగిపోయిందా? ఏళ్ల తరబడి అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న. ఇక అడగడానికి మనిషి లేదు. మొన్న పొద్దున తార్నాక నుంచి ఫోనొచ్చింది, మా పాత పక్కింటి అక్క నిద్రలోనే పోయిందని.

తొంభైల్లో మేం అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో అద్దెకు దిగాం. పక్క వాటాలో అక్క. యూనివర్సిటీలో ఇంగ్లీషులో రీసెర్చి చేసేది. సాయంత్రాలు డాబా మీద నాకు పాఠాలు చెప్పేది. సుద్దముక్కను రెండుగా విరిచి ఒకటి నాకిచ్చేది, పొడుగ్గా ఉంటే కీచుమంటుందని.

ఒకసారి "హ్యాండ్స్ డౌన్" అంటే ఏమిటని అడిగింది. ఓడిపోవడం అన్నాను.

"ఏంది పిల్లా! ఓడితే చేతులెత్తేస్తరు. దించుడంటే అలవోకగ గెలుసుడు" అని పడీపడీ నవ్వింది. ఆరేసిన తువ్వాలు లాగి, రెండు కొసలూ పగ్గాల్లా పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో మలక్‌పేట గుర్రప్పందేలకు వెళ్లేదట. "జాకీ పగ్గాలు బిగబట్టి ఉరికిస్తడు. అందరికన్న మస్తు ముందున్నడనుకో, ఇంక కష్టమెందుకు? గీత దాటకముందే గిట్ల చేతులు దించుతడు. అయినా గెలుస్తడు. గట్ల పుట్టింది గా మాట." తువ్వాలు వదులు చేసి అంది: "కానీ యాదుంచుకో, ఎనక డెక్కల సప్పుడు ఇనబడకపోతేనే దించాలె."

నా ఎమ్మే అయిన ఏడాది క్యాంపస్‌లో ఒకే ఒక్క లెక్చరర్ ఉద్యోగం పడింది. చివరికి అక్కా నేనూ ఇద్దరమే మిగిలాం. కమిటీ ముందు పిల్లలకు పాఠం చెప్పాలి, గంట మోగేదాకా. నాన్న మంచం పట్టి ఉన్నారు. ఇల్లంతా నా ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. ఆ పొద్దున బస్సులో అక్క అడిగింది కూడా, "మీ నాయన రాత్రి నిద్రపోయిండా?" అని. లేదన్నాను.

ముందు అక్క వంతు. ఆ గుర్రాల పాఠమే ఎత్తుకుంది. వరండాలోకి పిల్లల నవ్వులు వినిపిస్తుంటే, ఉద్యోగం ఆమెదేనని నాకు అర్థమైపోయింది. అంతలో లోపల మాట ఆగింది. గంటకింకా చాలా వ్యవధి ఉంది. అక్క బయటికొచ్చేసింది.

"అక్కా, ఇంకా టైముంది కదా?"

"పిల్లలకు సమజైంది. ఇంకేం చెప్పాలె? నువ్వు పో." మిగిలిన సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

నేను గంట మోగేదాకా చెప్పాను. పాఠం మధ్యలో వదిలేసిందని ఆమెను కాదన్నారు. నన్ను తీసుకున్నారు.

"ఏంది గా మొహం? గెలిచినోళ్లు గిట్లుంటరా? మిఠాయి తే పో" అంది అక్క. ఆ తర్వాత తార్నాకలోనే ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయింది. వెళ్లినప్పుడల్లా టీ ఇచ్చేది. ప్రశ్న నా నోటిదాకా వచ్చేది. ఏం జవాబు వస్తుందోనన్న భయంతో టీతో పాటే మింగేసేదాన్ని.

నా డెక్కల చప్పుడు వినబడక, గెలిచేశాననుకుని దించిందా? విని, నా కోసం దించిందా? సుద్ద అంటిన చేతులు పక్కలకు వేలాడేసి వరండా చివరిదాకా నడిచిపోయిన అక్క ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే తెలిసేదేమో. నాకు తెలియదు.