నిమ్మగడ్డి డబ్బాను కిటికీలో పెట్టను

నిన్న మా ఆడపడుచు మా వంటింటి కిటికీలో గాజు సీసాలు వరుసగా పెట్టి, నేను తెచ్చిన కిలో నిమ్మగడ్డి టీ పొట్లం విప్పింది. వాసన గుప్పుమంది. నేను శంషాబాద్‌లోని మా నానమ్మ వంటింట్లో తేలాను.

దోస్తులారా, మీ ఇంట్లోనూ బియ్యం డ్రమ్ము వెనక చీకట్లో ఒక రేకు డబ్బా ఉండేది కదా? నానమ్మ నీడన ఎండబెట్టిన నిమ్మగడ్డి, తులసి ఏడాదికి సరిపడా అందులో నింపేది. దాన్ని వారానికోసారే తెరిచి, రోజువారీకి చిన్న డబ్బాలోకి తీసేది. తడి చేత్తో ముట్టుకుంటే వీపు మోగేది.

కొత్త ఎయిర్‌పోర్టు వచ్చిన ఏడాది, పట్నంలో ఉండే మా మేనత్త వచ్చి అదంతా గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టింది.

"గిట్ల కనవడితె మంచిగుంటది గదమ్మా!"

నెల తిరక్కముందే ఎండ తగిలి ఆకు వాసన పోయి, ఎండుగడ్డిలా పాలిపోయింది. మళ్లీ వచ్చిన అత్త చేతిలో నానమ్మ ఆ సీసా పెట్టేసింది.

"నువ్వు సూస్కుంట కూసో బిడ్డా. నాకు తాగనీకి గావాలె."

నిన్న ఆ సీసాలన్నీ కిటికీలోంచి తీసేసి, ఆకును రేకు డబ్బాలో పోసి చీకట్లో దాచాను. పాతకాలపుదాన్నంటే అననివ్వండి. మా ఇంటికొస్తే నా డబ్బా మీకు కనబడదు. మరిగే నీళ్లలో ఆకు పడ్డాక మాత్రం, ఆ వాసనకి అదెక్కడుందని గుమ్మం బయటినుంచే అడుగుతారు.