ఏడో నంబరు మీద అర్జీ

ప్రొద్దుటూరులో ఇల్లు పెట్టుకుని పులివెందులలో ఎందుకు ఉద్యోగం చేస్తున్నావని అడిగినవాళ్లందరికీ ఇన్నాళ్లూ ప్రభుత్వాన్ని తిట్టి తప్పించుకున్నాను. ఇవాళ నిజం చెప్పేస్తాను. ఈ సర్వనాశనంలో ప్రభుత్వం చెయ్యి లేదు. నేను ఒక్కణ్ణే కూర్చుని, ఒకే ఒక్క అర్జీతో సాధించాను.

నాకు కళ్లు కనపడవు. కంప్యూటర్లో ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ గొంతు చదివి వినిపిస్తుంది. అప్పట్లో జమ్మలమడుగులో గుమాస్తాను. నా పక్క కుర్చీలో ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. ఆరేళ్ల కిందట నా కంప్యూటర్ మొదటిసారి నోరు విప్పగానే, "ఏందన్నా, బస్టాండు మైకు తెచ్చి ఈడ పెట్టినావు?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. ఆనాటి నుంచి ఆయన పేరు నా నోటా రాలేదు, నా కాగితం మీదా పడలేదు.

పోయిన ఏడాది బదిలీల జాబితాను వెబ్‌సైట్లో పెట్టారు. ప్రొద్దుటూరులో ఖాళీ ఒక్కటే. పైనున్నవాళ్లు ముందు కోరుకోవాలి. స్క్రీన్ రీడర్‌తో పట్టిక చదవడమంటే, పెళ్లి బంతిలో విస్తళ్లు తడుముకుంటూ పోవడమే. పప్పు దొరుకుతుంది, అది ఎవరి విస్తరో మళ్లీ వెనక్కి పోయి తెలుసుకోవాలి.

మొదటి ఐదుగురూ కడప వైపువాళ్లు, భయం లేదు. ఇంకో మెట్టు దిగాను. "వరుస ఏడు" అంది గొంతు. పక్క కుర్చీ ఆయన! వినికిడి లోపమట, అదనపు పాయింట్లట. ఆ కింద "వరుస ఎనిమిది". అది నేను.

నా కంప్యూటర్‌ను విని వెక్కిరించినవాడికి చెవుడా! క్రమసంఖ్య గడి దాకా పోయి వినాలన్న ఓపిక కూడా లేకపోయింది. వరుస ఎంతో గొంతే చెబుతోంది కదా! వెంటనే కడప ఆఫీసుకు అర్జీ పంపాను: క్రమసంఖ్య ఏడులోని వ్యక్తి సర్టిఫికెట్ అనుమానాస్పదం. మళ్లీ పరీక్షించేదాకా ఆయన వంతు ఆపాలి. నా పేరు గోప్యంగా ఉంచగలరు.

నాలుగో రోజు మా సూపరింటెండెంట్ మహబూబ్ సార్ పిలిచాడు.

"ఓబులేసప్పా, నీ మీద అర్జీ పడిందంట. నీ సర్టిఫికెట్ దొంగదంట. మెడికల్ బోర్డుకు పోయి రావాల. అంతవరకు నీ వంతు నిలిపేసినారు."

"నాకు కండ్లు కనపడతాయని రాసినాడా? ఎవడు సార్ వాడు?"

"పేరు చెప్పొద్దని రాసినాడంట."

"కండ్లులేనోని నోటికాడ కూడు లాగేసి, పేరు దాచిపెట్టుకుంటాడా? వాడు యాడో లేడు సార్, ఈన్నే పక్క కుర్చీలో ఉండాడు!"

"నన్నంటాండావా అన్నా?" అన్నాడు పక్క కుర్చీ ఆయన.

"చూడండి సార్, శానా బాగా వినపడతాంది!"

"చెవిలో మిషనుందన్నా. నీ కంప్యూటర్ మోత దాంట్లో రెండింతలై కొడతాది. అయినా నీ వంతుతో నాకేం పని? నేను మైదుకూరు పెట్టుకున్నా. ప్రొద్దుటూరు నీకే గదా వచ్చేది!"

నేను పట్టు వదల్లేదు. ఆ అర్జీ తెప్పించి చదివితే గానీ కుర్చీలోంచి లేవనన్నాను. మధ్యాహ్నానికి కాపీ వచ్చింది. మహబూబ్ సార్ చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం ఎక్కడో విన్నట్టనిపించింది. రెండోది కంఠతా వచ్చు.

"సార్, నాది ఎనిమిది గదా?" అన్నాను నీరసంగా.

"నీది ఏడేనప్పా. పైన పేరు, హోదా, పాయింట్లు అని హెడింగుల వరుస ఉండాది. నీ మిషను దాన్ని గూడా ఒకటని లెక్కేసినట్టుంది." కాగితం కింది దాకా చదివి ఆయన దగ్గాడు. "ఏమప్పా, పేరు చెప్పమంటావా, దాచమంటావా?"

"దాచండి సార్."

నాకు కళ్లు కనపడవని బోర్డు మళ్లీ తేల్చింది. ఆలోగా ప్రొద్దుటూరు నా వెనకవాడికి పోయింది, నాకు పులివెందుల మిగిలింది. తరువాత కడప నుంచి ఒకే కవర్లో నాకు రెండు కాగితాలు వచ్చాయి. మీపై వచ్చిన ఫిర్యాదు అబద్ధమని తేలింది, నిశ్చింతగా ఉండండి, అని మొదటిది. తోటి ఉద్యోగిపై అబద్ధపు ఫిర్యాదు చేసినందుకు సంజాయిషీ ఇవ్వండి, అని రెండోది.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పట్టికలోనైనా క్రమసంఖ్య గడి దాకా పోయి, ముమ్మారు విని, అది నేను కాదని రూఢి చేసుకున్నాకే ఫిర్యాదు చేస్తాను.