చివరి గడిలో ఆరని సిరా

దెయ్యం, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. చదివింది ఎనిమిదో తరగతే. కానీ పోర్టు వర్క్‌షాపు స్టోరులో పని అయ్యాక రోజూ గ్రంథాలయానికి వెళ్ళి, బల్లల మీద లైట్లు ఆర్పేదాకా చదివేవాణ్ణి. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని, అది ఏదో ఒక పుస్తకంలో దొరుకుతుందని నా నమ్మకం. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతికి మాత్రం ఆ పుస్తకం ఇంకా దొరకలేదు.

ఎనభైల మొదట్లో మాట. స్టీలు ప్లాంటు పని మొదలై, గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా జిల్లా నుంచి జనం వచ్చి పడుతున్న రోజులు. కొత్త జనం, కొత్త షాపులు, షాపులకి కొత్త బోర్డులు. మా అక్క నూకరత్నం భర్త సింహాచలం బావ కంచరపాలెంలో బోర్డులు రాసేవాడు. తీరిక దొరికినప్పుడు విజయవాడలో ఒక పిల్లల మాసపత్రికకి బొమ్మల కథ వేసి పంపేవాడు. ఒక తల్లి డైనోసారు, దాని పిల్ల, ఎండిపోయిన అడవి వదిలి సముద్రాన్ని వెతుక్కుంటూ పోతుంటాయి. నెలకి రెండు పేజీలు, గడికో బొమ్మ. బావ వాటిని రాకాసిబల్లులు అనేవాడు.

అచ్చు అయిపోయాక పత్రికవాళ్ళు అసలు బొమ్మల్ని చుట్ట చుట్టి తిరిగి పంపేవారు. అక్కకి అవి మంచి గట్టి కాయితాలు. ఒకటి గూట్లో పరిచింది, ఒకటి బియ్యం డబ్బా మీద కప్పింది. ఒకసారి భోజనానికి వెళ్ళి ఆ డబ్బా మీది కాయితం చేతిలోకి తీసుకున్నాను. అన్నం చల్లారిపోయింది గానీ దాన్ని కింద పెట్టలేకపోయాను.

పత్రికలో చూసిన బొమ్మే అది. కానీ అచ్చులో నలుపంతా ఒకటే నలుపు. అసలు బొమ్మలో కుంచె ఎక్కడ సిరాలో మళ్ళీ ముంచాడో, ఎక్కడ చెయ్యి ఆగి ఆలోచించిందో తెలుస్తుంది. పత్రికలో అగ్గిపెట్టంత ఉన్న గడి ఇక్కడ అరచెయ్యంత ఉంటుంది. తప్పు పడ్డచోట తెల్లరంగు పూసి, దాని మీద మళ్ళీ గీసి ఉంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఆ తెల్లరంగు కింద మొదట గీసిన తోక కనిపిస్తుంది. రెండు తోకల జంతువు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ రోజు నుంచి బావ పేజీలన్నీ నేనే అడిగి తెచ్చుకున్నాను. పెట్టెల చెక్కల మధ్య పెట్టి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, ఏది ముందు గీశాడో ఏది తరవాతో ఆ వరసలో దాచేవాణ్ణి. గీసిన వరసలో చూస్తేనే చెయ్యి ఎలా ఎదిగిందో తెలుస్తుంది. మల్కాపురంలో మా వీధివాళ్ళు నన్ను బల్లుల మాస్టారు అనేవారు.

బావకీ నాకూ ఒక్కచోటే తగాదా. కథలో తల్లీపిల్లల వెంటపడే, మాంసం తినే పెద్ద జంతువు చేతికి బావ మూడు వేళ్ళు గీసేవాడు. రెండేనని నేను గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం చూసి చెప్పాను. బావ ఒప్పుకోలేదు.

"రెండు వేళ్ళతో అదేటి సేత్తాది బావా? సుట్ట పట్టుకోడానికి కూడా సాలవు" అనేవాడు.

ఆ వానాకాలం ఒక బట్టల షాపు బోర్డు రాస్తుండగా నిచ్చెన జారింది. కుడిచెయ్యి కింద పడి మణికట్టు నలిగిపోయింది. ఎముకలు అతుక్కుంటాయి గానీ నరం సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ చేత్తో మళ్ళీ కుంచె పట్టడం అనుమానమేనన్నాడు.

ఆసుపత్రి మంచం మీద బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క కలిపి పెట్టినా తినేవాడు కాదు. ఒకరోజు నన్ను పిలిచి, రంగులూ కుంచెలూ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. సగంలో ఆగిన పేజీని చింపి పారెయ్యమన్నాడు. ఆ మాట విని అక్క వరండాలోకి వెళ్ళిపోయింది. మనిషి బతికి ఉన్నాడు, లోపల దీపం ఆరిపోతోంది. మా భయమంతా అదే.

మర్నాడు బట్టలు తేవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళకి పిల్లలు లేరు. ఉన్న ఒక్క తాళంచెవి నా జేబులో ఉంది. కిటికీ పక్కన బల్ల మీద ఆ పేజీ అలాగే ఉంది. చివరి గడి తప్ప అన్నిటికీ సిరా పడింది. చివరి గడిలో పెద్ద జంతువు దారికి అడ్డంగా నిలబడి ఉంది, పెన్సిల్ గీతల్లో. దాన్ని చింపడానికి నాకు చేతులు రాలేదు. బట్టలు తీసుకుని, కిటికీ గడియ చూసుకుని, తాళం వేసి వచ్చేశాను.

రెండో రోజు మధ్యాహ్నం, మొదటిసారి వెళ్ళినప్పుడు మందుల చీటీ నేనే అక్కడ మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళాను. నేనే తాళం తీశాను. కిటికీ గడియ వేసినట్టే ఉంది.

చివరి గడి సిరాతో నిండి ఉంది.

మొదట నా కళ్ళనే అనుమానించాను. జంతువు మెడ కింద నలుపు ముద్దగా పడ్డచోట వేలు పెడితే సిరా అంటింది. ఆ సిరా కాసేపట్లో ఆరిపోయే రకం. అంటే గీసినవాడు అప్పుడే లేచి ఉండాలి. ఒకటే గది, వెనక వంటిల్లు. మంచం కింద కూడా చూశాను. వంటింటి పెరటి తలుపుకి లోపల గొళ్ళెం పెట్టే ఉంది.

బావ పని అయ్యాక కుంచె కడిగి, పెదాల మధ్య పెట్టి మొన తీర్చి ఉంచేవాడు. ఆ కుంచె అలాగే మొన తీర్చి ఉంది. ఎప్పుడూ బల్లకి కుడివైపు ఉండే సిరాబుడ్డీ, కుంచే మాత్రం ఎడమవైపు ఉన్నాయి.

పేజీని అట్టల మధ్య పెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి పోయాను. చెప్తే నమ్మరని, ఏమీ చెప్పకుండా బావ ఒళ్ళో పెట్టాను. అక్క నావైపు అనుమానంగా చూసింది. నువ్వే పాడుచేశావా అని అడిగింది.

బావ చాలాసేపు చూశాడు. "ఈడు కాదు. ఈడు స్కేలు పెట్టి గీసినా వంకరొచ్చేత్తాది" అన్నాడు. పడ్డ తరవాత ఆయన వేసిన మొదటి జోకు అది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తరవాత బావ నన్ను పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోమన్నాడు. సిరా కింద ఆయన పెన్సిల్ గీతలు కనిపించాయి. పెన్సిల్‌లో మూడు వేళ్ళు. సిరా పడింది రెండింటికే.

"నీడ గీతలు సూడు బావా" అన్నాడు మెల్లగా. "పైకెల్లే కొద్దీ ఎడం పక్కకి వాలినాయి. నానెప్పుడూ ఇలాగ్గీయలేదు. ఇది ఎడం సేతోడి పని."

కుడిచేత్తో గీసేవాడి నీడ గీతలు పైన కుడివైపుకి వాలతాయి. నేనూ చదివాను అది. పుస్తకంలో చదివిన సంగతి అలా కళ్ళముందు కనపడేసరికి పేజీని కిటికీకి ఇంకా దగ్గరగా జరిపాను.

బావ తన ఎడమచెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "పెన్సిలేటైనా ఉందేటి నీకాడ?"

జేబులో ఎప్పుడూ ఉండేది. మందుల చీటీ వెనకవైపు ఒక గీత గీశాడు. పురుగు పాకినట్టు వచ్చింది. ఇంకోటి గీశాడు. అక్క అన్నం ముద్ద నోటికి అందిస్తే గీస్తూనే తిన్నాడు.

ఇంటికొచ్చాక ఆ పేజీని ఎదురుగా గోడకి పెట్టుకున్నాడు. ఆ గీత దాకా వెళ్ళాలి అనేవాడు. ఆ ఏడంతా గీతలు వణికాయి. పత్రికవాళ్ళు కథ ఆపకుండా, వచ్చినప్పుడే వేసుకుంటామన్నారు. మెల్లగా చెయ్యి కుదురుకుంది. తల్లీ పిల్లా చివరికి సముద్రం చేరాయి. ఆ పేజీ చూడటానికి కంచరపాలెం పిల్లలు అక్క ఇంటిముందు గుంపు కట్టారు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం కదలిక వచ్చింది. వాటితో కాయితాన్ని నొక్కిపట్టి ఎడమచేత్తో గీసేవాడు. "సాల్తాయి బావా రెండు వేళ్ళు" అని నావైపు చూసి నవ్వేవాడు.

సముద్రం పేజీని, ఆ పాత గడిని పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. గీత మొదలుపెట్టేటప్పుడు చిన్న నొక్కు, చివర సన్నటి విసురు, నీడలో గీతకీ గీతకీ మధ్య దూరం. రెండూ ఒకే చెయ్యి. ఎదురుగా పెట్టుకుని నేర్చుకున్నాడు కాబట్టి అలాగే వచ్చిందని ఎవరైనా అనొచ్చు. నేనూ అలాగే అనుకోవాలని చూశాను. మరి నేర్పిన చెయ్యి ఎవరిది? అక్కడికొచ్చి ఆగిపోతాను.

బావని అడిగితే, నువ్వు సదివినోడివి, నువ్వే సెప్పు అనేవాడు.

పేజీలన్నీ ఇప్పటికీ నా దగ్గరున్నాయి, గీసిన వరసలో. కుడిచేతివి ఒక కట్ట, ఎడమచేతివి ఒక కట్ట. ఆ ఒక్క పేజీ మాత్రం ఏ కట్టలో పెట్టాలో తెలీక, రెండు కట్టల మధ్య విడిగా ఉంచాను.