ఓర్వకల్లు బండ మీద ఊరిమిండి

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులుండేవి. నేనెక్కిన అలాంటి బస్సు ఓర్వకల్లు గుట్టల దగ్గర మొరాయించింది. మధ్యాహ్నం దాటింది. నా మూటలో వట్టి జొన్నరొట్టెలే ఉన్నాయి, నంజుకోవడానికేమీ లేదు.

పక్కన కూర్చున్న అవ్వ సంత నుంచి వస్తోంది. ఒడిలోని చిన్న మూట విప్పి చూపించింది. కాసిని శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు.

"వారమంతటికీ నాకుండాది ఇదేనప్పా," అని నవ్వింది.

నేను రొట్టె తుంచగానే ఆమె బస్సు దిగింది. పుల్లలు ముట్టించి శెనక్కాయలు కాల్చి, బండ మీద అన్నీ కలిపి గుండ్రాయితో నూరసాగింది.

"వారం సామాను కదవ్వా!" అన్నాను కంగారుగా.

"నువ్వు వట్టి రొట్టె నములుతాంటే చూస్తా కూర్చునేదా? రేపటి సంగతి రేపు!"

ఊరిమిండి అంటే మా సీమలో రోటిపచ్చడి; ఆ వాసనకు బస్సంతా దిగింది. ఎవరి రొట్టెలు వాళ్లు తెచ్చుకుని, కారానికి కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ తిన్నాం. అవ్వ మూట ఖాళీ అయింది.

అది చూసి ఒకాయన తన సంచిలోంచి దోసెడు కొర్రలు ఆమె కొంగులో పోశాడు. ఆ వెనకే మరొకరు కందిపప్పు, ఇంకొకరు బెల్లం, నేను మిగిలిన రొట్టెలు. కొంగు బరువుకు అవ్వ వంగిపోయింది.

బస్సు బాగై కదలగానే డ్రైవరును కేకేసింది.

"ఏమప్పా, వచ్చే వారం గూడా ఈడనే నిలబెట్టు!"

ఆ నవ్వుల్లో ఊరెప్పుడొచ్చిందో నాకు తెలియలేదు.